రెండు సీట్ల కారుకి వైపర్లు బిగించాను

మా ఇంట్లో కారు ఉందని చెబితే ఇంటిల్లిపాదీ ఎక్కి తిరుగుతారని అనుకుంటారు. మాది ఆ రకం కాదు. రెండు తలుపులు, రెండు సీట్లు, అంతే. వెనక ఉన్న జాగాలో ఒక కూరల సంచి పెడితే రెండోది పట్టదు. ఎర్ర రంగు, నేలకి జానెడు ఎత్తు, చీర కట్టుకున్న మనిషి అందులోంచి దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందివ్వాలి. ముప్పై ఏళ్లు దాటిన ఆ విదేశీ బండిని మావారు విశాఖపట్నంలో ఓడల మీద పనిచేసి రిటైరైన ఒకాయన దగ్గర కొన్నారు. మాది బెల్లం వ్యాపారం, ఆ ఏడు ధర బాగా పలికింది. స్నానాల గది తలుపు పుచ్చిపోయింది, మార్చండి అని నేను అప్పటికి నాలుగేళ్లుగా అడుగుతున్నాను. తలుపు మారలేదు, కారు వచ్చింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆదివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన ఆ కారు తీసేవారు. అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక చుట్టు, బెల్లం మార్కెట్టు యార్డు గేటు ముందు రెండు చుట్లు. గేటు దగ్గరికి వచ్చేసరికి కారు నడిచే మనిషి కన్నా నెమ్మదిగా వెళ్లేది. ఎవరైనా చెయ్యెత్తితే ఆగేది, ఎత్తకపోయినా ఆగేది. పక్క సీటులో నేను. పదిహేనేళ్లు ఆ ఎడమవైపు సీటులో కూర్చున్నాను. కూర్చోవడం తప్ప అక్కడ నాకు ఇంకో పని ఉండేది కాదు.

నాకు కారు తోలడం వచ్చు. ఈ మాట మా ఇంటి బయట ఎవరికీ తెలియదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. మాది మునగపాక పక్క పల్లె. మా నాన్నకి చెరుకు తోట, ఒక గానుగ, దానికి డీజిల్ ఇంజను ఉండేవి. ఇంజను మొరాయించినప్పుడల్లా నాన్న దాన్ని విప్పేవాడు. విప్పిన నట్లు వరస తప్పకుండా పాత చీర మీద పేర్చడం నా పని. ఏ నట్టు ముందు ఊడిందో అది ఆఖరున ఎక్కాలి. పన్నెండేళ్లకే నాకు పానా నంబర్లు చూపుతోనే తెలిసేవి. పెళ్లయిన చాలా ఏళ్లకి, ఇల్లు కాస్త తెరిపిన పడ్డాక, డ్రైవింగు స్కూలుకి వెళ్లి లైసెన్సు తెచ్చుకున్నాను. మావారు ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫొటో బాగా పడింది" అన్నారు. అంతే. దాన్ని బీరువాలో చీరల కింద పెట్టాను. నా లైసెన్సు మీద ఆయన మాట్లాడిన మొత్తం మాటలు అవి.

రెండేళ్ల కిందట ఆయనకి చిన్న పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ఏమీ కాలేదు, మాట కూడా తిరిగి వచ్చింది, అందులో ఏ లోటూ లేదు. కుడి చేతి పట్టు మాత్రం పోయింది. గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటారు, సంతకం పిచ్చిగీతలా వస్తుంది. నెలకోసారి విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి. మార్కెట్టులో పక్క దుకాణం ఆయన, వరసకి మావారికి బావ అవుతాడు, తన కారులో తీసుకెళ్లేవాడు. ఆయన తెమిలినప్పుడే మేమూ తెమలాలి. దారిలో ఆయనకి పని ఉంటే మేం కారులోనే కూర్చోవాలి. ఒకసారి గాజువాకలో ఎవరితోనో మాట్లాడి వస్తానని దిగి రెండు గంటలు రాలేదు. ఇంటికి వచ్చాక మావారు అన్నం ముందు కూర్చుని కంచం దూరంగా నెట్టేశారు.

"ఇంకొకడి కారులో మూటలా ఎన్నాళ్లెల్తాం? మన కారు తీద్దాం" అన్నారు.

"ఎవరు తోలతారండీ?" అని అడిగాను. కావాలనే అడిగాను.

"నువ్వు. లైసెన్సుంది కదా, దాన్ని బీరువాలో ముగ్గబెట్టడం ఎందుకు? కాకపోతే వైపర్లు పన్జెయ్యవు. వానాకాలం. వైపర్లు బాగయితే నువ్వే తోలుదువు గాని."

ఆ మాట ఆయన నోటంట వచ్చిన మాటే. నేను కల్పించుకున్నది కాదు. ఆ రాత్రి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. యాభై ఏళ్లు దాటిన దాన్ని, ఉన్నవి రెండే సీట్లు, ఒకదాంట్లో ఆయన కూర్చుంటే స్టీరింగు ముందున్నది నాదేనని లెక్క వేసుకుంటూ పడుకున్నాను.

ఊళ్లో ఇద్దరు మెకానిక్కులని అడిగాను. ఒకరు కారు మీద కప్పిన పరదా ఎత్తి చూసి మళ్లీ కప్పేశారు. రెండో ఆయన, "సామాను దొరకదమ్మా, దొరికినా నేను సెయ్యి పెట్టను, ఇరిగితే నా మీదకొత్తాది" అని ఉన్నమాట చెప్పేశాడు. అప్పుడు నేనే ఫోనులో వెతికాను. చెన్నైలో పాత విదేశీ కార్ల సామాను అమ్మే దుకాణం ఒకటి దొరికింది. ఏ భాగం కావాలో నాకు పేర్లు తెలియవు. ఫొటోలు తీసి, దారంతో కొలిచి, ఆ దారాన్ని స్కేలు పక్కన పెట్టి మళ్లీ ఫొటో తీసి పంపాను. పది రోజులకి డబ్బా వచ్చింది. రెండు వైపర్ల చేతులు, రెండు రబ్బరు బ్లేడ్లు, ఆ చేతుల్ని తిప్పే చిన్న ఇరుసులు రెండు, వాటి కింద వేసే రబ్బరు చక్రాలు, గోరంత తెల్ల ప్లాస్టిక్ బుష్షులు నాలుగు. పూజ సామానులా వాటిని కంచంలో పరిచి చూసుకున్నాను.

మొదటి రోజు విప్పడం. మా బెల్లం గోడౌను పక్క షెడ్డులో కారు. మావారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కారు ముందు కూర్చున్నారు. ఆయన చేతికి పట్టు పోయింది కానీ చూపుడు వేలికి ఏమీ కాలేదు. ఎడమ చూపుడు వేలితో ఆ రోజంతా నాకు దారి చూపించారు.

"ఏటే, అలా తిప్పుతావేటి? ఎడం పక్కకి తిప్పు."

"ఎడం పక్కకే తిప్పుతన్నానండీ."

"నెమ్మదిగా తిప్పు. అది ఇడ్డెన్ల పాత్ర మూత కాదు."

పది నంబరు పానాతో నట్లు రెండూ వచ్చాయి. ఎడమ వైపరు చెయ్యి ఊడింది, కుడిది ఊడలేదు. అద్దం కింద ఉన్న జల్లెడ రేకు తీసి లోపల చూశాను. ఇరుసు చుట్టూ గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. గోరు పెట్టి గీకితే తుమ్మజిగురులా సాగింది. వాసన చూడగానే తెలిసింది. ఆముదం.

ఇది మా బెల్లం వాళ్ల జబ్బు. బెల్లం వండే పెద్ద పెనంలో చెరుకు రసం మరిగి పైకి పొంగినప్పుడు నాలుగు చుక్కల ఆముదం చిలకరిస్తే పొంగు చప్పున అణిగిపోతుంది. ఆ ఒక్క గుణం చూసి మా వాళ్లకి ఆముదం మీద దేవుడి మీద కన్నా ఎక్కువ నమ్మకం. తలుపు కిర్రుమంటే ఆముదం, సైకిలు చైనుకి ఆముదం, చెవి పోటుకి ఆముదం, పిల్లాడు ఏడిస్తే మాడు మీద ఆముదం. మావారు ప్రతి వానాకాలం ముందూ బెల్లం దుకాణంలోని సీసా తెచ్చి ఆ వైపర్ల మొదట్లో పోసేవారు. మిషను నూనె సంగతి వేరు, ఆముదం గాలికి ఏళ్ల తరబడి ఆరితే గట్టిపడి పట్టేస్తుంది. ఇరుసు తిరగక, మోటారు గుంజి గుంజి, లోపలి ప్లాస్టిక్ బుష్షులు పిండిపిండి అయిపోయాయి. వైపర్లు చెడ్డాయని పదేళ్లు తిట్టిన మనిషే వాటిని చెడగొట్టారు.

"ఇదిగోనండీ, మీ ఆముదం సేసిన పని" అని జిగురు అంటిన వేలు చూపించాను.

"ఆముదం ఏటి సేత్తాది? మా తాత కాలం నించీ ఆముదమే. అది వయసు మీద పడి పోయింది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. డీజిలులో గుడ్డ తడిపి ఇరుసుకి చుట్టి వదిలేశాను, తెల్లారేసరికి నానుతుందని. ఊడిన భాగాలన్నీ పాత చీర మీద వరసగా పెట్టి, చీర నాలుగు పక్కలా ఇటుకలు ఉంచాను.

రెండో రోజు కుడి వైపరు చెయ్యి కూడా ఊడింది. పాత ఇరుసులు బయటికి లాగి, వాటి చోట్లు పళ్లు తోముకునే పాత బ్రష్షుతో డీజిలు పెట్టి తోమాను. మోకాళ్ల మీద కూర్చోవాలి, బానెట్టు కిందకి తల దూర్చాలి, చెయ్యి పట్టని సందులో వేళ్లతో నట్టు తిప్పాలి. రెండు వేళ్ల చర్మం లేచిపోయింది. కొత్త బుష్షులు గట్టిగా ఉండి ఎక్కలేదు. వేడినీళ్లలో వేసి కాసేపు ఉంచి తీశాక మెత్తబడి టక్కుమని కూర్చున్నాయి. ఈ కిటుకు మా నాన్న దగ్గర నేర్చుకున్నది. ఆయన ఉంటే మెచ్చుకునేవాడు. కుర్చీలో ఉన్నాయన మాత్రం, "అవి ఉడకబెట్టుకు తింటావేటి?" అన్నారు. నవ్వొచ్చింది, నవ్వాను కూడా. అప్పటికి ఇంకా నవ్వగలిగే స్థితిలోనే ఉన్నాను.

ఆ మధ్యాహ్నం పక్క దుకాణం బావ వచ్చాడు. నేను బానెట్టు కింద ఉన్నాను, నా కాళ్లు, నడుము తప్ప ఏమీ కనపడి ఉండవు.

"ఏటి బావా, కారు బాగు సేయిత్తన్నావా? మెకానిక్కేడీ?"

"వత్తాడు. ఇది ముందు కాస్త తుడుత్తంది" అన్నారు మావారు.

చేతిలో ఇరుసు, నోట్లో రబ్బరు చక్రం పట్టుకుని ఉన్నాను. నోరు ఖాళీగా ఉంటే ఏమనేదాన్నో తెలియదు. బహుశా ఏమీ అనేదాన్ని కాదు. బావ వెళ్లాక కూడా ఏమీ అనలేదు. వైపర్లు బాగయితే నువ్వే తోలుదువు గాని అన్నారు కదా, తుడుస్తోందనుకుంటే అనుకోనీ అని మనసు చంపుకున్నాను. ఆశ ఉన్న మనిషి ఎంత లోకువో అప్పుడు తెలిసింది.

మూడో రోజు బిగించడం. ఇక్కడ ఒక కిటుకు ఉంది. చేతులు బిగించక ముందు మోటారు ఒకసారి వేసి ఆపాలి. ఆపితే అది ఎక్కడ నిలవాలో అక్కడికి వచ్చి తనంతట తాను నిలుస్తుంది. అప్పుడు ఇరుసు పళ్లలో చెయ్యి పళ్లు కూర్చోబెట్టి, అద్దం అడుగున పడుకునేట్టు చూసి నట్టు బిగించాలి. ఆ పళ్లు పొడిగా ఉండాలి, చుక్క నూనె కూడా తగలకూడదు. నూనె తగిలితే పట్టు జారుతుంది. ఇదంతా సామాను పంపినాయన ఫోనులో చెప్పాడు. నేను మావారికి వినిపించేలా రెండుసార్లు పైకి చెప్పుకున్నాను.

అద్దం మీద చెంబుతో నీళ్లు పోసి, లోపలికి వెళ్లి స్విచ్చి వేశాను. రెండు చేతులూ ఒక్కసారి లేచాయి. అటు వెళ్లాయి, ఇటు వచ్చాయి. అద్దం మీద రెండు అర్ధచంద్రాలు శుభ్రంగా తేలాయి. దుమ్ము పోయిన ఆ జాగాలోంచి కుర్చీలో కూర్చున్న మావారు కనిపించారు, నోరు కాస్త తెరుచుకుని. నేను స్టీరింగు ముందు కూర్చుని గట్టిగా నవ్వాను. చేతుల నిండా డీజిలు, మొహాన మసి. నా పెళ్లి రోజున కూడా అంత సంతోషం లేదు, ఆ రోజు భయం ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మునగపాక రోడ్డు వైపు తోలుకెళ్లాను. మొదట గేరు దగ్గర తడబడ్డాను, తరవాత చెయ్యి కుదిరింది. చెరుకు తోటల మధ్య సన్నగా తుప్పర పడితే వైపర్లు వేశాను. ఆయన తలుపు పిడి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. తిరిగి ఇంటి వీధిలోకి వచ్చాక పిడి వదిలారు. "గేరు బాగానే మారుత్తన్నావు" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఒకసారి పనసపొట్టు కూరకి, రెండోసారి దీనికి.

ఆసుపత్రికి ఇంకా రెండు రోజులు ఉంది. ఆ సాయంత్రం బావ మళ్లీ వచ్చాడు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. ఆయన గొంతు ఎప్పుడూ వీధికి వినిపించేటంత ఉంటుంది.

"ఏటి బావా, పొద్దున్న మా సెల్లి తోలతంటే నువ్వు పక్కన కూకున్నావంట? మార్కెట్టంతా అదే మాట. కొలగాళ్లు కూడా నవ్వుకుంటన్నారు."

కొలగాళ్లంటే మార్కెట్టులో బెల్లం తూచేవాళ్లు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోయాను. మావారు ఏం చెబుతారా అని. అవును తోలింది, బాగా తోలింది, వైపర్లు బిగించింది కూడా అదే. ఇంత చెబితే చాలు. నోరు తెరిస్తే చాలు.

"ఏదో సరదా పడింది బావా" అన్నారు మావారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

"సరదా ఆదివారం తీర్సుకో. ఆస్పత్రికి మగోడిలా ఎల్లు. మా డ్రైవర్ని పంపుతాను."

ఆ మాటకి మావారు అవుననలేదు, కాదనలేదు. నేను టీ ఇచ్చి వచ్చేశాను. అవుననలేదు కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను గానీ, ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆసుపత్రి రోజున తెల్లవారుజాము నుంచే వాన. నేను నాలుగింటికే లేచి వంట చేసి, ఆయనకి స్నానం చేయించి, చొక్కా గుండీలు పెట్టి, నేను తయారయ్యాను. మడమల కిందకి జారని నేత చీర కట్టుకున్నాను, కాలు క్లచ్చు మీద సరిగ్గా పడాలని. సంచిలో రిపోర్టుల ఫైలు, మందుల చీటీ, లైసెన్సు. గుడ్డలో చుట్టి పది నంబరు పానా కూడా పెట్టుకున్నాను. కొత్తగా వేసిన నట్లు కొంత దూరం పోయాక ఒకసారి బిగించుకోవాలి.

తలుపు తాళం వేసి షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి కారు అప్పటికే బయట ఉంది. మావారు ఎడమ సీటులో ఉన్నారు. బావ పంపిన డ్రైవరు బానెట్టు మీదకి వంగి ఉన్నాడు. పక్కన సీసా. వాసన వానలో కూడా తెలిసింది.

"ఏటి సేత్తన్నావు బాబూ?"

"బాబుగారు ఆముదం రాయమన్నారమ్మా, వైపరు సులువుగా తిరుగుద్దని. సెయ్యి ఊడదీసి పళ్లకి రాసేను. ఇదిగో, మళ్లీ బిగించేత్తన్నాను." అతని చేతిలో పానా లేదు, కటింగు ప్లయరు ఉంది.

"పళ్లకి రాయకూడదు. జారిపోద్ది. ఏటండీ, నేను సెప్పేను కదా!"

మావారు నా వైపు చూడలేదు. "పొంగే పాకాన్ని అణిసేది ఆముదం. నీ వైపరు ఓ లెక్కా? ఫైలు ఇలా ఇయ్యి" అన్నారు.

ఫైలు ఇచ్చాను. ఇచ్చాకే అర్థమైంది, అది అడిగింది ఎందుకో.

"మరి నేను?"

"రెండే సీట్లు కదే. నువ్వు బస్సులో వచ్చెయ్."

"నేను తోలతానన్నారు. మీరే అన్నారు."

"అన్నాను. నలుగురూ సూత్తారు. వానలో గోల సెయ్యకు, టైమైపోతంది."

ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అంటారు. ఇక్కడ ఏరు దాటకుండానే తగలేశారు. కారు వెళ్లిపోయింది. నేను బిగించిన వైపర్లు అటూ ఇటూ ఆడుతూనే ఉన్నాయి. ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుని పడుకుందామనిపించింది. కానీ ఏ మాత్ర ఏ పూటో ఆయనకి తెలియదు, డాక్టరు అడిగితే చెప్పేది నేనే. ఆటో ఎక్కి బస్టాండు కాంప్లెక్సుకి వెళ్లి విశాఖపట్నం బస్సు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. దాచుకోవలసిన అవసరం కనిపించలేదు, బస్సులో అందరి మొహాలూ తడిగానే ఉన్నాయి.

లంకెలపాలెం రాకముందే వాన ముదిరింది. ఫోను మోగింది. మావారి నంబరే, గొంతు డ్రైవరుది.

"అమ్మా, డ్రైవరు పక్క వైపరు పడిపోయిందమ్మా. మోటారు తిరుగుతంది, సెయ్యి కదల్దు. ఏటీ కనపడ్డం లేదు. లంకెలపాలెం దాటేక టీ బడ్డీ కాడ ఆపేసేను. ఏటి సెయ్యాలో మిమ్మల్ని అడగమన్నారు."

"ఆయన్నే అడగమను నన్ను" అన్నాను. అటు గుసగుసలు వినిపించాయి. ఆయన ఫోను అందుకోలేదు.

"అమ్మా," అన్నాడు డ్రైవరు మళ్లీ, "ప్లయరుతో బిగుత్తంటే నట్టు జారిపోతంది."

పానా నా సంచిలో ఉంది. చెప్పకుండా ఉండవలసింది. ఆ బస్సులో అలాగే కూర్చుని, వాళ్ల పక్కనుంచి దూసుకుపోయి, ఆసుపత్రి వరండాలో తీరిగ్గా కూర్చోవలసింది. ఈ మాట ఆ రోజు నుంచీ ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ వానలో కారు రోడ్డు పక్కన ఆగి ఉంటే వెనకనుంచి ఏ లారీ వస్తుందో అన్న భయం ముందు పుట్టింది, కోపం తరవాత పుట్టింది. అలవాటు అలాంటిది. కండక్టరుని బతిమాలాను. ఎర్ర కారు కనపడగానే బస్సు ఆపించాడు.

దిగగానే నిలువునా తడిసిపోయాను. బడ్డీ మూసి ఉంది, మనిషి జాడ లేదు. మావారు అద్దం నాలుగు వేళ్లు దించి చూసి మళ్లీ ఎక్కించారు. నేను వైపరు చెయ్యి ఊడదీశాను. ఇరుసు పళ్లు ఆముదంతో నిగనిగలాడుతున్నాయి. చీర కుచ్చెళ్ల లోపలి పొర ఒక్కటే ఇంకా పొడిగా ఉంది, దాంతోనే తుడిచాను, ఒక్కొక్క పంటి సందూ తుడిచాను. డ్రైవరు తన చొక్కా విప్పి వాన పడకుండా నా చేతుల మీద గొడుగులా పట్టాడు. మంచివాడు. లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. చెయ్యి కూర్చోబెట్టి, పానాతో నట్టు బిగించి, రెండోది కూడా ఊడదీసి తుడిచి బిగించాను. స్విచ్చి వెయ్యమన్నాను. రెండూ లేచాయి. అద్దం శుభ్రమై, లోపల మావారి మొహం స్పష్టంగా కనిపించింది. ఆయన వైపర్లని చూస్తున్నారు.

డ్రైవరు తడి చొక్కా వేసుకోకుండానే తాళాలు నా ముందుకి చాచాడు.

"అమ్మా, ఈ బండి మీకు తెలిసినంత నాకు తెల్దు. మీరే తోలండి. నాను ఎనక బస్సులో వచ్చేత్తాను."

నేను అడగలేదు. అతనే అన్నాడు. తాళాలు అందుకోలేదు నేను, మావారి వైపు వెళ్లి అద్దం మీద వేలితో కొట్టాను. నాలుగు వేళ్లు దించారు.

"ఏటండీ, ఇక్కడ మార్కెట్టు లేదు. కొలగాళ్లు లేరు. మీ బావ లేడు. నేను తోలతాను."

ఆయన చుట్టూ చూశారు. నిజంగానే చూశారు, రోడ్డు అటూ ఇటూ. వాన తప్ప ఏమీ లేదు. నా మొహం చూశారు, నా చేతిలో పానా చూశారు. పెదవులు కదిలాయి. నా ప్రాణమంతా ఆ పెదవుల మీద ఉంది.

"నువ్వెక్కరా" అన్నారు డ్రైవరుతో. తరవాత నాతో, "అద్దం ఎక్కించనీ, తడిసిపోతన్నాను" అన్నారు.

డ్రైవరు తల దించుకుని ఎక్కాడు. కారు కదిలింది, నేను బిగించిన వైపర్లతో, చుక్క అడ్డం లేకుండా దారి చూసుకుంటూ వెళ్లిపోయింది. తరవాతి బస్సు ఎప్పటికో వచ్చింది. దాన్ని పోనిచ్చాను. రోడ్డు దాటి అవతల పక్క నిలబడి అనకాపల్లి వెళ్లే బస్సు ఎక్కాను. సంచిలో ఫోను మోగుతూనే ఉంది, డాక్టరు మాత్రల సంగతి అడుగుతూ ఉండి ఉంటాడు.

నలుగురూ చూస్తారని ఆయన అన్నప్పుడల్లా ఇన్నేళ్లూ ఆ నలుగురినే తిట్టుకున్నాను. మార్కెట్టుని తిట్టాను, బావని తిట్టాను, నవ్వే కొలగాళ్లని తిట్టాను. ఆ వానలో, ఆ రోడ్డు మీద మమ్మల్ని ఎరిగినవాళ్లు ఒక్కరు లేరు. నేను తోలితే ఓర్చుకోలేనిది ఆయనొక్కరే.